మస్టర్ దగ్గర తెలిసేది ఫారంలో తెలుస్తుందా?

మునిసిపాలిటీలో ఎవరికి ఏ పని వచ్చో, ఎవరికి రాదో తెలుసుకోవడానికి మా రోజుల్లో ఫారాలు ఉండేవి కావు. తెల్లవారుజామున అయిదింటికి కార్మికుల హాజరు వేసే మస్టర్ దగ్గర నిలబడితే అరగంటలో సంగతంతా తెలిసిపోయేది. ఏ మేస్త్రీ తన మనుషుల్ని వీధులకు సరిగ్గా పంచుతున్నాడు, ఏ ట్రాక్టర్ లోడు మీద పట్టా కప్పకుండా బయలుదేరుతోంది, కొత్తగా వచ్చిన హెల్త్ అసిస్టెంటు కాలవ పూడిక తీయించడంలో ఎక్కడ తడబడుతున్నాడు, అన్నీ కళ్లెదుటే ఉండేవి. పొద్దున కనబడిన లోపానికి మధ్యాహ్నం మస్టర్‌లో పాఠం చెప్పేవాళ్లం. దానికి హాలు లేదు, టీ బిస్కట్లు లేవు, సర్టిఫికెట్టు లేదు.

ఇప్పుడు దీన్నే శిక్షణ అవసరాల అంచనా అంటున్నారు. పై ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది, దాని వెనకాల కన్సల్టెంట్లు తయారుచేసిన గూగుల్ ఫారం వస్తుంది. ఘన వ్యర్థాల నిర్వహణలో మునిసిపల్ అధికారులకు, సిబ్బందికి ఏమేం నేర్పాలో ఆ ఫారం తేల్చాలట. అంచనా వేయడం చాలా మంచి పని. రోగం తెలియకుండా మందివ్వకూడదు కదా. నా బాధల్లా అడిగే తీరు గురించి, అడిగే మనుషుల గురించి.

మా పక్క వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి వార్డు శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు పరీక్ష రాసి, మంచి మార్కులతో ఉద్యోగం తెచ్చుకుంది. ఒక ఆదివారం ఫోను పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. "తాతయ్యగారూ, సాయంత్రంలోగా దీన్ని నింపి పంపాలటండీ, కాస్త చూస్తారా?" అంది. చూశాను. లీచేట్ నిర్వహణలో మీ పరిజ్ఞానం ఎంత, ఒకటి నుంచి అయిదులోపు మార్కు వేసుకోండి. బయోమైనింగ్‌లో ఎంత? విండ్రో కంపోస్టింగ్‌లో ఎంత? ఇలాగే పేజీలకు పేజీలు. ఆ పిల్ల తన వార్డు చెత్త వెళ్లే యార్డులో ఇంతవరకూ అడుగు పెట్టలేదు. పెట్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెత్తకుప్ప అడుగు నుంచి కారే ఆ నల్లటి మురుగునీటిని కంటితో చూడని మనిషి దాని మీద తన పరిజ్ఞానానికి ఏం మార్కు వేసుకోగలదు? ఒకటి వేస్తే కమిషనర్‌గారు ఏమనుకుంటారోనని భయం, అయిదు వేస్తే అబద్ధం. అన్నిటికీ మూడు వేసి పంపేసింది.

పంపాక నేనడిగాను, నిజంగా నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉందమ్మా అని. గడగడా చెప్పింది. తన తల్లి వయసున్న కార్మికురాలికి పని ఎలా చెప్పాలో తెలియడం లేదట. తడి చెత్త, పొడి చెత్త కలిపేసి ఇచ్చే గృహిణి "మీ బండివాళ్లు ఎలాగూ కలిపేస్తారుగా" అంటే ఏం జవాబు చెప్పాలో తెలియడం లేదట. బండి రాలేదని ఫిర్యాదు వస్తే డ్రైవర్ తన మాట వినడట, ఎందుకంటే అతను కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి. శిక్షణ అవసరమంటే ఇదీ. ఫారంలో వీటికి గడే లేదు.

నేను డెబ్బయ్యవ దశకం చివర్లో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. గోదావరి జిల్లాలోని ఒక చిన్న మునిసిపాలిటీ. అప్పటికి శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సు చదివి వచ్చినవాణ్నే. హారక్స్ పరికరంతో నీళ్లకు ఎంత బ్లీచింగ్ పట్టాలో లెక్కకట్టడం, ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు చూసి క్లోరిన్ మిగిలిందో లేదో చెప్పడం, ఈగ గుడ్డు ఎన్ని రోజుల్లో ఈగవుతుందో, ఇవన్నీ నేర్చుకునే వచ్చాం. కంపోస్టు గురించి బెంగుళూరు పద్ధతి, ఇండోర్ పద్ధతి రెండూ పరీక్షకు చదివాం. సర్ ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో 1924 నుంచి 1931 దాకా చేసిన పనిలోంచి వచ్చింది ఒకటి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.ఎన్.ఆచార్య 1939లో రూపొందించింది ఇంకొకటి. చదివితే చదివాంగానీ, కంపోస్టు అంటే ఏమిటో నాకు నేర్పింది పుస్తకం కాదు, యార్డు మేస్త్రీ.

ఆయన చదువుకోలేదు. గుంతలు తవ్వించి అరలు అరలుగా చెత్త వేయించేవాడు. పై అర మీద మట్టి కప్పించి వారం ఆగేవాడు. తరవాత మూరెడు లోతుకు ఇనుప చువ్వ దింపి, చుట్ట కాల్చుకునేంత సేపు ఊరుకుని, చువ్వ పైకి లాగి కొసను నా చేతికిచ్చేవాడు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే గుంత పని చేస్తున్నట్టు. చల్లగా ఉంటే తడి చాలలేదనో, ఎక్కువైందనో అర్థం. అప్పుడు లోపల్నించి గుప్పెడు తీసి పిడికిట్లో గట్టిగా పిండేవాడు. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎండుటాకు కలపాలి, పిండినా చెమ్మ తగలకపోతే నీళ్లు చల్లాలి. అరవై డిగ్రీలు దాటాలి, ఆ వేడి రెండు మూడు వారాలు నిలవాలి, అప్పుడే రోగక్రిములు, ఈగ గుడ్లు చస్తాయి అని పుస్తకంలో ఉన్నది ఇదే. నాలుగు నుంచి ఆరు నెలలకు నల్లటి ఎరువు తయారయ్యేది. వేలం వేస్తే రైతులు బళ్లు కట్టుకొచ్చి తోలుకుపోయేవారు. ఆ డబ్బు మునిసిపల్ జమాలో ఒక పద్దు.

ఇప్పుడు పెద్ద పెద్ద యార్డుల్లో ఉష్ణోగ్రత రిజిస్టర్లు ఉన్నాయి. ప్రతి రోజూ ఒకటే అంకె రాసి ఉన్న రిజిస్టరు నేను కళ్లారా చూశాను. వర్షం పడిన రోజూ అదే అంకె, ఎండ కాసిన రోజూ అదే అంకె. రాసినాయనకు కంపోస్టింగ్‌లో శిక్షణ ఇచ్చారు, సర్టిఫికెట్టు కూడా గోడకుంది. చువ్వ దింపి చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా రోజుల్లో అంతా సవ్యంగా ఉండేదని నేను అనను, అనకూడదు కూడా. చేతులకు తొడుగుల్లేకుండా, తట్టల్లో నెత్తిన పెట్టుకుని మోయించేవారు. పొడి మరుగుదొడ్ల మలం మనుషుల చేత ఎత్తించారు. దాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, అది చాలక 2013లో మరో చట్టం రావలసి వచ్చింది. ఆ పని ఎవరు చేయాలో కులం చూసి నిర్ణయించారు. ఆ మనుషులకు నేర్పవలసింది ఏమీ లేదని, వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది అసలే లేదని ఊరు ఊరంతా అనుకుంది. ఈ రోజుకీ శిక్షణ జాబితాల్లో కార్మికుల పేర్లు కనబడకపోవడానికి మూలం అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

మా కాలంలో చెత్తంటే కూరల తొక్కు, బూడిద, ఎండుటాకు, అరటి దొప్పలు. ప్లాస్టిక్ సంచులు వచ్చిపడ్డాక ఆ చెత్తా మారిపోయింది, మా విద్యా మూలపడింది. గుంతల్లో వేస్తే కుళ్లనిది సగం తేలింది. రైతు రావడం మానేశాడు. యార్డు కాస్తా డంపింగ్ యార్డు అయి కూర్చుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్నప్పుడు దేశంలో ప్రతి మునిసిపాలిటీ వణికింది. మా ఊళ్లో రాత్రీ పగలూ చెత్త ఎత్తించారు. ఆ మరుసటి సంవత్సరం సూరత్‌కు కమిషనర్‌గా వెళ్లిన ఎస్.ఆర్.రావు పెట్టిన నియమం ఏమిటంటే, పై అధికారులు రోజూ పొద్దుటి పూట ఆఫీసులో కాదు, వీధుల్లో ఉండాలన్నది. ఆ ఊరు కొద్ది కాలంలోనే దేశంలో శుభ్రమైన నగరాల వరసలోకి వచ్చింది. అధికారికి ఏం తెలియదో వీధే చెప్పింది అక్కడ.

1996లో నగరాల చెత్త నిర్వహణ తీరు మీద అల్మిత్రా పటేల్ గారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు వేయించిన కమిటీ 1999లో నివేదిక ఇచ్చింది. 2000లో ఘన వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. చెత్తను శుద్ధి చేసే ఏర్పాట్లు ప్రతి పట్టణంలోనూ 2003 డిసెంబరు 31 నాటికి జరిగిపోవాలన్నారు. ఆ కాగితం మా మునిసిపాలిటీకి వచ్చింది, ఫైల్లో చేరింది. నిబంధన మారింది, పని స్వరూపం మారింది. నిన్నటిదాకా ఊడ్చి, ఎత్తి, ఊరవతల పోస్తే చాలు అన్న మనుషులకు ఇవాళ్టి నుంచి వేరు చేయాలి, ఎరువు చేయాలి, మిగిలినదాన్ని మాత్రమే పూడ్చాలి అని చెప్పాలి కదా! ఎవరు చెప్పారు? పై అధికారులకు ఒక వర్క్‌షాపు జరిగింది. మేస్త్రీ దాకా అందులో ఒక్క ముక్క రాలేదు.

చేసినవాళ్లు లేకపోలేదు. సూర్యాపేటలో కమిషనర్ ఎస్.ఎ.ఖాదర్ సాహెబ్ ఆ రోజుల్లోనే, లక్ష జనాభా ఉన్న ఊళ్లో, చెత్తకుండీలు తీసేయించి ఇంటింటి నుంచి తడి, పొడి విడిగా సేకరించారు. తడి చెత్తతో వానపాముల ఎరువు చేయించారు, పొడి చెత్త అమ్మించారు. అప్పటికి ఇప్పటి పథకాలు లేవు, ఇన్ని నిధులు లేవు. బొబ్బిలి యార్డును చూడ్డానికి రాష్ట్రం నలుమూలల నుంచీ మునిసిపల్ సిబ్బంది వెళ్లేవారు. అక్కడ కంపోస్టు కుప్పల మధ్య నిలబడి, అక్కడి కార్మికులతో మాట్లాడి వచ్చినవాళ్లకు ఏం చేయాలో తెలిసింది.

అన్నిటికంటే నాకు నచ్చింది 2012 అక్టోబరులో వరంగల్‌లో జరిగిన క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్. ఉమ్మడి రాష్ట్రంలోని ఎన్నో మునిసిపాలిటీల సిబ్బందిని ఒకే నగరానికి రప్పించి, పేటలు పంచి, ఇంటింటికీ వెళ్లి విడదీసిన చెత్త తీసుకురమ్మన్నారు. ఎవరు ఎంత బాగా చేశారో పోటీ పెట్టారు. అలా వీధిలోకి దింపితే రెండు రోజుల్లో బయటపడిపోతుంది, ఎవరికి జనంతో మాట్లాడటం వచ్చు, ఎవరికి రాదు, ఏ ఇన్‌స్పెక్టర్‌కు రూటు గీయడం తెలుసు, ఎవరు బండిని ఒకే వీధిలో రెండుసార్లు తిప్పుతున్నారు అని. అంచనా, శిక్షణ రెండూ ఒకే దెబ్బతో అయ్యాయి. ఆ పద్ధతిని ఏటా ఒక జిల్లాలో జరిపి ఉంటే ఈ ఫారాల అవసరం ఉండేదా?

ఇంకో మాట. ప్రతి లోపానికీ శిక్షణే మందు అనుకోవడం ఈ కాలపు జాడ్యం. మా వీధికి వచ్చే చెత్త ఆటోకు మొదట్లో తడికీ పొడికీ మధ్య రేకు అడ్డం ఉండేది. అది తుప్పు పట్టి విరిగిపోయింది. అప్పట్నుంచి మేం రెండు బుట్టల్లో విడదీసి ఇచ్చినవి రెండూ ఒకే తొట్టిలో కలిసిపోతున్నాయి. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు సిబ్బందికి విభజనపై అవగాహన లేదని రాశారు. డ్రైవర్‌ను, లోడరును పిలిచి అవగాహన సదస్సు పెట్టారు. వాళ్లు వెళ్లి కూర్చున్నారు, విన్నారు, తిరిగొచ్చి మళ్లీ అదే తొట్టిలో పోశారు. నేను డ్రైవర్‌ను అడిగితే, "రేకు వేయించమని ఎప్పట్నుంచో అడుగుతున్నాం బాబుగారూ, ఏజెన్సీవాళ్లు మునిసిపాలిటీ మీద, మునిసిపాలిటీవాళ్లు ఏజెన్సీ మీద చెబుతున్నారు" అన్నాడు. అతనికి తెలియనిది ఏముంది అందులో? మనిషికి పని తెలియకపోవడం వేరు, పనిముట్టు లేకపోవడం వేరు, పనిముట్టు ఉన్నా పని చేసే అధికారం లేకపోవడం వేరు. మొదటిదానికే శిక్షణ పనికొస్తుంది. రెండోదానికి వెల్డరును పిలవాలి, మూడోదానికి ఉత్తర్వు ఇవ్వాలి. అంచనా వేయడమంటే అన్నిటికంటే ముందు ఈ మూడింటినీ విడదీయడం. నింపిన ఫారాలను కూడి సగటు తీస్తే ఇది ఎప్పటికీ తేలదు.

నిజంగా తెలియనివాళ్లు పైన ఉన్నారు. ఈ మాట కటువుగా ఉంటుంది, కానీ చెప్పక తప్పదు. ఊళ్లో రోజుకు ఎన్ని టన్నుల చెత్త వస్తోందని అడగండి, అంకె తడుముకోకుండా చెబుతారు. ఎలా తూచారని అడగండి, మాట తడబడుతుంది. చాలాచోట్ల బండి ట్రిప్పుల్ని బండి సామర్థ్యంతో హెచ్చవేయడమే తూకం. కూరగాయల మార్కెట్ నుంచి వచ్చిన తడి చెత్త ఘనపు మీటరుకు అయిదు వందల కిలోలు తూగిందనుకోండి, మూడు ఘనపు మీటర్ల ట్రాక్టరు నిండితే టన్నున్నర. అదే ట్రాక్టరు నిండా అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు ఉంటే అందులో మూడో వంతు కూడా తూగకపోవచ్చు. రెండింటినీ ఒకే తూకంగా రాసి, ఆ అంకె మీద ప్లాంటుకు టెండరు పిలిస్తే, కట్టిన ప్లాంటు ఆకలితో పడుకుంటుంది, కట్టినవాడు నష్టపరిహారం అడుగుతాడు. కిలోకు 1500 కిలో కేలరీలు, అంతకు మించి వేడినిచ్చే, మళ్లీ వాడటానికి పనికిరాని చెత్తను పూడ్చకూడదని, దాన్ని ఇంధనంగానే వాడాలని 2016 నిబంధనలు చెప్పాయి. తమ ఊరి చెత్త అంత వేడినిస్తుందో లేదో తెలియకుండానే సంతకాలు పెడుతున్న వాళ్లున్నారు. ఒప్పందంలో షరతులు చదవడం, వే బ్రిడ్జి చీటీ నిజమో కాదో పట్టుకోవడం, పాత చెత్త కుప్పను తవ్వి జల్లెడ పట్టే కాంట్రాక్టరు తీసింది ఎంత, మట్టి కలిపి చూపింది ఎంత అని కొలవడం, కమిషనర్లకు, ఇంజనీర్లకు నేర్పవలసిన విద్యలు ఇవి. వీళ్లేమో ఇండోర్ ప్రయాణం కట్టి, అక్కడి ప్లాంటు ముందు ఫొటో దిగి వస్తున్నారు. ఇండోర్ నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది, కాదనను. ఇండోర్‌లో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో గ్యాసు చేసే ప్లాంటు నడుస్తోందంటే, ఇంటి గుమ్మం దగ్గరే చెత్త విడివడి రావడం వల్ల. ఆ గుమ్మం దగ్గర తెల్లవారుజామున ఏం జరుగుతుందో చూడకుండా ప్లాంటు చూసి వస్తే ఏం లాభం?

నేర్పడానికి సంస్థలు లేవా అంటే హైదరాబాదులోనే ఉన్నాయి. ఉస్మానియాలో నగర, పర్యావరణ అధ్యయనాల ప్రాంతీయ కేంద్రం ఉంది, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. జీతాల బడ్జెట్‌లో రెండున్నర శాతం శిక్షణకు కేటాయించాలని 2012 జాతీయ శిక్షణ విధానం చెప్పింది. స్థానిక సంస్థల సామర్థ్యం పెంచే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదని 2016 నిబంధనలు రాశాయి. కాగితం మీద లోటు లేదు. శిక్షణకు ఎవరిని పంపుతారో చూడండి. పనిలో తలమునకలుగా ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను వదలరు, ఆఫీసులో ఆ వారం ఖాళీగా దొరికిన ఉద్యోగిని పంపుతారు. కమిషనర్‌కు నేర్పిస్తే, ఆయన పాఠం అమలు పెట్టేలోగా బదిలీ. కొత్తాయన వచ్చి మళ్లీ మొదటి పాఠం నుంచి.

అందరికంటే అన్యాయమైపోతున్నది కార్మికులు. ఇవాళ ఊడ్చేవాళ్లలో, ఎత్తేవాళ్లలో పర్మినెంటు మనుషులు ఎందరు? ఎక్కువమంది ఔట్‌సోర్సింగు. ముఖం చూపించి హాజరు వేయించుకోవడం వాళ్లకు నేర్పారు. చెత్తలో పడేసిన బ్యాటరీ నలిగితే అంటుకుంటుందని నేర్పారా? ఆసుపత్రి సూది గుచ్చుకుంటే వెంటనే ఏం చేయాలో, ఎవరి దగ్గరికి పరుగెత్తాలో నేర్పారా? పాత కుప్పలో గ్యాసు చేరుతుందని, అక్కడ అగ్గిపుల్ల గీయకూడదని యార్డు కాపలాదారుకు చెప్పారా? తొడుగులు, బూట్లు, మాస్కులు, రెయిన్‌కోట్లు ఇవ్వాలని నిబంధనల్లో అక్షరాలా ఉంది. ఇచ్చినచోట కూడా కొలత సరిపోని బూట్లు ఇస్తే ఊడ్చే తల్లి వాటిని ఇంట్లో పెట్టి చెప్పులతో వస్తోంది. అది చూసి, అవగాహన లేదు అని మళ్లీ రాస్తారు.

పై అధికారులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఫారం పంపే ముందు ఒక్క వారం, అది తయారుచేసే మనుషుల్ని మస్టర్ దగ్గరికి అయిదింటికి రమ్మనండి. బండి వెనకాల నడిపించండి, యార్డులో సాయంత్రం దాకా నిలబెట్టండి. కార్మికులను, మేస్త్రీలను, డ్రైవర్లను, వార్డు సెక్రటరీలను పేరు రాసుకోకుండా అడగనివ్వండి, కమిషనర్‌గారు పక్కన లేనప్పుడు అడగనివ్వండి. దొరికినవాటిలో రేకుతో, బూట్లతో, ఉత్తర్వుతో తీరేవి ముందు తీర్చండి. మిగిలినదానికి శిక్షణ పెట్టండి, దాన్ని యార్డులోనే పెట్టండి, పాఠం చెప్పేవాళ్లలో అనుభవమున్న ఒక మేస్త్రీని కూర్చోబెట్టి, పెద్ద పట్టణాల నుంచి వచ్చే ఉపన్యాసకుడికి ఇచ్చే గౌరవ వేతనమే ఆయనకూ ఇవ్వండి.